డేటా ఉంటే వాట్సాప్ కాల్ వెళ్తుంది.. మరి నంబరే పోతే? రీఛార్జ్‌కి ముందు ఇది చదవండి

నౌపడ నుంచి పలాస మీదుగా ఉద్దానం తీరం దాకా ఏ ఊరు తీసుకున్నా, ఎవరో ఒకరు బయట ఊళ్లలో ఉంటారు. ఒకరు దుబాయ్‌లో, ఇంకొకరు గుజరాత్‌లోని వెరావల్‌లో బోటు మీద. రాత్రి భోజనాలయ్యాక ఇంటికొచ్చే ఫోన్ ఇప్పుడు ఎక్కువగా వాట్సాప్ కాలే. అందుకే చాలామందికి ఒకటే డౌట్. మాట్లాడేదంతా నెట్‌లోనే కదా, కాల్స్ ఉన్న ప్లాన్ ఎందుకు దండగ? డేటా ప్యాక్ ఒక్కటి వేసుకుంటే సరిపోదా?

మాట్లాడటానికైతే సరిపోతుంది. నంబర్ బతకడానికి సరిపోదు.

ఒక జీబీకి ఎంతసేపు?

వాట్సాప్ వాయిస్ కాల్‌కి నిమిషానికి సుమారు అర ఎంబీ ఖర్చవుతుంది. అంటే ఒక జీబీతో 30 గంటల పైనే మాట్లాడొచ్చు. వీడియో కాల్ అయితే నిమిషానికి 5 ఎంబీ దాకా లాగేస్తుంది, అదే జీబీ మూడు గంటల్లో అయిపోతుంది. నెట్‌వర్క్‌ని బట్టి ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది. సిగ్నల్ వీక్‌గా ఉంటే వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి, 'యూజ్ లెస్ డేటా ఫర్ కాల్స్' ఆన్ చేయండి. వీడియో ఆపేసి మాట్లాడితే మాట తెగిపోవడం కూడా తగ్గుతుంది.

4జీలో మామూలుగా డయల్ చేసే వోల్టీ కాల్ కూడా డేటా నెట్‌వర్క్ మీదే వెళ్తుంది. కానీ అది మీ జీబీల్లోంచి కట్ కాదు, వాయిస్ ప్లాన్ కింద లెక్క. ఫోన్‌లో కనిపించే 'వైఫై కాలింగ్' కూడా అలాంటిదే. వాట్సాప్ కాల్ వేరు, ఇది వేరు.

అసలు చిక్కు ఇక్కడే

చాలా డేటా ప్యాక్‌లు బేస్ ప్లాన్ నడుస్తుంటేనే పనిచేస్తాయి. వాటికి సొంతంగా సర్వీస్ వ్యాలిడిటీ ఉండదు. 'ఇంట్లో వైఫై ఉంది కదా' అని బేస్ ప్లాన్ వదిలేసినవాళ్లకి మొదట్లో ఏ తేడా తెలియదు. వీడియో కాల్ బ్రహ్మాండంగా వస్తూనే ఉంటుంది. తర్వాత ఒకరోజు బ్యాంక్ ఓటీపీ రాదు. గ్యాస్ బుకింగ్ మెసేజ్ రాదు. అమ్మ ఫోన్‌కి ఓటీపీ రాకపోతే, గల్ఫ్‌లో ఉన్న కొడుకు అక్కడి నుంచి చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు.

ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రీపెయిడ్ నంబర్‌ని 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయొచ్చు. ఖాతాలో కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే, ఆ డబ్బు తీసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతారు. రద్దయిన నంబర్‌ని 90 రోజుల దాకా ఇంకెవరికీ ఇవ్వరని ట్రాయ్ 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టుకి చెప్పింది. ఆ తర్వాత అది ఎవరి చేతికైనా వెళ్లొచ్చు. వాట్సాప్ నడిచేది నంబర్ మీద, ఓటీపీ వచ్చేది ఆ నంబర్‌కే. మిగతాది మీరే ఊహించుకోండి. కనీసం వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ అయినా పెట్టుకోండి. పాత నంబర్ వదిలేస్తుంటే ముందే 'ఛేంజ్ నంబర్' చేసేయండి, బ్యాంకులోనూ మార్పించండి.

దీనికి తక్కువ ఖర్చు దారి ఉంది. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ ఆదేశాలతో కంపెనీలు డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్‌లు కూడా తెచ్చాయి. వ్యాలిడిటీ 365 రోజుల దాకా పెట్టుకోవచ్చు. ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఉంటే పెద్దవాళ్ల నంబర్‌కి ఈ ప్లాన్, వీడియో కాల్‌కి వైఫై. మాకైతే ఇదే బెటర్ అనిపిస్తోంది.

దుబాయ్‌లో ఉన్నవాళ్లకి

యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ నోట్‌లు వెళ్తాయి, కాల్స్ మాత్రం బ్లాక్. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లే వాడాలి. ఇంటి దగ్గర ఫోన్‌లో కూడా అదే యాప్ వేసి, ఎలా ఎత్తాలో అమ్మానాన్నలకి బయల్దేరే ముందే చూపించి వెళ్లండి. 'వీపీఎన్ వేసుకో, అన్నీ పనిచేస్తాయి' అని రూమ్‌లో ఎవరైనా సలహా ఇస్తే ఒక్కసారి ఆలోచించండి. నేరం చేయడానికి లేదా దాన్ని దాచడానికి వీపీఎన్ వాడితే అక్కడి సైబర్ చట్టంలో జరిమానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల దాకా ఉంది. సౌదీ 2017 సెప్టెంబర్‌లో ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధం ఎత్తేసింది. ఒక గల్ఫ్ దేశంలో ఉన్న రూల్ పక్క దేశంలో ఉండదు.

వాట్సాప్‌తో కాని కాల్స్

ఇంటర్నెట్ కాల్ యాప్‌కి, అవతల అదే యాప్ ఉండాలి. కీప్యాడ్ ఫోన్‌కి, ల్యాండ్‌లైన్‌కి వాట్సాప్ నుంచి కలవదు. 112కి కూడా వాట్సాప్‌లో చేయలేం, డయలర్ నుంచే నొక్కాలి. ఇంట్లో చిన్నపిల్లలకి, వయసైనవాళ్లకి ఇది చెప్పి ఉంచండి. పచ్చ బొమ్మ నొక్కడం అలవాటైనవాళ్లు కంగారులో అదే నొక్కుతారు.

ఇంకో సంగతి, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంట్ లేదు, ఫోన్‌లూ కలవలేదు. టవర్ పడిపోతే డేటా కాల్, మామూలు కాల్ రెండూ పోతాయి. కానీ కరెంట్ మాత్రమే పోతే ఇంటి వైఫై వెంటనే ఆగిపోతుంది, టవర్ బ్యాటరీ మీద ఇంకాసేపు నిలబడొచ్చు. ఆ కాసేపట్లో మామూలు కాల్ కలవాలంటే ఫోన్‌లో వాయిస్ ప్లాన్ ఉండాలి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజే ఫోన్, పవర్ బ్యాంక్ ఛార్జ్ చేసుకోండి. ముఖ్యమైన నంబర్లు నాలుగూ కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి.