ఎక్కాల అభ్యాసం: వీధిబడి ఇసుక నుండి చింతగింజల వరకు

భారతీయ విద్యకు ప్రథమాశ్రయం కంఠం. వేదాధ్యయనంలో క్రమ, జటా, ఘన పాఠాలు పదాలను ముందుకు వెనుకకు కూర్చి స్మృతిలో సుస్థిరం గావించినట్లే, బాలుర గణితంలో ఎక్కాలు సంఖ్యలను నాలుకపై నిలిపాయి. హైదరాబాదు పాతనగర ప్రాంతంలో, మూసీకి దక్షిణాన ఉన్న సైదాబాదు వంటి పేటలలో ఒక ఇంట 'రెండు రెళ్ళ నాలుగు' అనే తెలుగు ఎక్కం, పొరుగింట ఉర్దూ 'పహాడా' వినిపించటం వింత కాదు. భాషలు వేరైనా లయ ఒక్కటే. రెళ్ళు, మూళ్ళు, ఏళ్ళు అనే బహువచన రూపాలను నిత్యవ్యవహారంలో అరుదుగా వింటాం. ఎక్కం వాటిని నేటికీ భద్రపరచింది.

అయితే పూర్వులు ఎక్కాన్ని కేవలం వల్లె వేయించారని భావించటం చరిత్రకు న్యాయం కాదు. బళ్ళారి జిల్లా కలెక్టరు, తెలుగు వ్యాకరణ కర్త ఎ.డి. క్యాంబెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి సమర్పించిన నివేదిక ఇందుకు విలువైన సాక్ష్యం. ఆ జిల్లాలో అప్పుడు 533 బడులు ఉండగా, వాటిలో 226 తెలుగు బడులు. విద్యార్థులు 6,641 మంది. ఉదయాన అందరికంటె ముందుగా బడికి వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతీ నామం వ్రాసేవారు. రెండవవానికి సున్న. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చేవారికి ఒక్కొక్కటి అధికం. దెబ్బల మాట అటుంచితే, సరస్వతీ నామానికి, దండనకు నడుమ సున్నను నిలపటంలో ఒక గణిత చమత్కారం లేకపోలేదు.

అక్షరాభ్యాసం ఇసుకపై వ్రేలితో జరిగేది. ఆ తరువాత తాటాకు, గంటం. కూడిక, గుణకారాల పట్టికలను, కొలతలను, తూనికలను, భిన్నాలను బాలురు దినానికి రెండుమార్లు వరుసలలో నిలిచి, పెద్ద విద్యార్థి చెప్పగా ఒక్క గొంతుతో పలికేవారు. భిన్నాలు పదింటితో కాక నాలుగింటితో దిగేవి: పాతిక, వీసం, ఆపై ఇంకా సూక్ష్మాలు. ఇసుకపై వ్రాత, పెద్ద విద్యార్థి చిన్నవానికి బోధించటం అనే ఈ రెండు పద్ధతులు ఇంగ్లండుకు కూడా చేరాయి. 18వ శతాబ్ది చివర మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ దేశీయ బడి పిల్లలు ఇసుకపై వ్రాయటం చూచి దానిని స్వీకరించాడు; అది అక్కడ 'మద్రాసు పద్ధతి'గా ప్రసిద్ధి పొందింది.

క్యాంబెల్ దోషాన్ని కూడా దాచలేదు. పిల్లలు పద్యాలను అర్థం తెలియక చిలుకల వలె అప్పగిస్తున్నారని వ్రాశాడు. ఈ విమర్శ విదేశీయుడు క్రొత్తగా తెచ్చినది కాదు. అర్థమెరుగక వేదం వల్లించేవానిని బరువు మోసే స్తంభంతో పోల్చినది యాస్కుని నిరుక్త సంప్రదాయమే.

గణిత గ్రంథకర్తలు ఈ ప్రమాదాన్ని ఎరిగినవారు. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో 142857143ను 7తో గుణింపజేస్తాడు. వచ్చే 1000000001 అనే లబ్ధం హారం వలె ఉన్నందున దానికి రాజకంఠిక అని పేరు. ఏడవ ఎక్కం వచ్చిన బాలుడు దీనిని సాధించి ఆశ్చర్యపడతాడు. ఆ ఆశ్చర్యమే గ్రంథకర్త ఉద్దేశం. ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు 135ను 12తో గుణించమని ఒక బాలికను అడిగి, మార్గాలు అనేకం చూపాడు. 12ను 8, 4గా విడదీయవచ్చు. మూడుతో గుణించి, ఆపై నాలుగుతో గుణించవచ్చు. లేదా 20తో గుణించి, ఎనిమిదింతలు తీసివేయవచ్చు. ఏ దారిన వెళ్ళినా 1620. ఎక్కం మరచిన బిడ్డకు ఏడుపు తప్ప గతి లేదనే భయం ఇక్కడ తావులేనిది.

నిజాం రాజ్యంలో తెలుగు పిల్లలకు ఈ విద్య ప్రధానంగా ఖాన్గీ బడులలో, అంటే ప్రైవేటు బడులలో లభించేది. 1920 దశకంలో ప్రభుత్వం వాటిపై విధించిన అనుమతి నిబంధనలను తెలంగాణ ఆంధ్రోద్యమ నాయకులు తీవ్రంగా వ్యతిరేకించారు. ఆపై 1957లో దశాంశ నాణేలు వచ్చాక, రూపాయికి పదహారణాల లెక్కతో పాటు పాతిక, ముప్పాతిక ఎక్కాలు కూడా క్రమంగా మరుగునపడ్డాయి.

ఆటలు మాత్రం బడిపై ఆధారపడలేదు. వామనగుంటల పీటకు పదునాలుగు గుంటలు. గుంటకు ఐదేసి చింతగింజలు పోస్తే ఒక వైపు ఏడైదుల ముప్పైయైదు, ఇరువైపులా డెబ్బై. తొమ్మిదో ఎక్కానికి పది వ్రేళ్ళు చాలు: నాలుగవ వ్రేలు మడిస్తే ఎడమన మూడు, కుడిన ఆరు మిగిలి ముప్పైయారు కనిపిస్తుంది. అష్టోత్తర శతం కూడా గుణకారమే. ఇరవైయేడు నక్షత్రాలకు నాలుగేసి పాదాలు, పన్నెండు రాశులకు తొమ్మిదేసి పాదాలు: రెండు విధాలా 108. జపమాలను విప్పరాదు గనుక 108 చింతగింజలు తీసుకొని బిడ్డ చేతికి ఇవ్వవచ్చు. నాలుగేసి, తొమ్మిదేసి, పన్నెండేసి పేరిస్తే ఏమీ మిగలదు. ఏడేసి పేరిస్తే పదిహేను కుప్పలై, మూడు గింజలు మిగులుతాయి. అవి ఎందుకు మిగిలాయని బిడ్డ తానే అడుగుతుంది.