తెల్లకోటు కంటే ముందు: వేసవిలో ఆస్పత్రి అనుభవం ఎక్కడ, ఎలా?

నీట్ రాసి ఫలితాల కోసం ఎదురుచూసే రోజుల్లో మధురానగర్, అమీర్‌పేట హాస్టళ్లలోని మన విద్యార్థులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: ‘ఏదైనా ఆస్పత్రిలో కొన్నాళ్లు సేవ చేస్తే మంచిదా? ఎవరిని కలవాలి?’ డాక్టర్ల ఇళ్లలో పుట్టిన పిల్లలకు ఈ ప్రశ్నే రాదు. మామయ్య నర్సింగ్ హోమ్‌లోనో, నాన్న స్నేహితుడి ఓపీలోనో వెళ్లి కూర్చుంటారు. ఇంట్లో తొలిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లకు దారి చెప్పేవాళ్లు ఉండరు. ఈ వివరాలు వాళ్ల కోసమే.

సర్టిఫికెట్‌కు మార్కుల్లేవు

అమెరికాలో మెడికల్ కాలేజీలు ప్రవేశాలప్పుడు ఆస్పత్రి అనుభవాన్ని కూడా చూస్తాయి. మన దగ్గర ఎంబీబీఎస్ సీటు నీట్ ర్యాంకు, రిజర్వేషన్ కేటగిరీల మీదే తేలుతుంది. అందుకే ‘అబ్జర్వర్‌షిప్’ పేరుతో ఫీజు అడిగేవాళ్లకు పైసా కట్టొద్దు.

మరి వెళ్లడం ఎందుకు? ఐదున్నరేళ్ల చదువుకు దిగేముందు ఈ పని మనకు నప్పుతుందో లేదో తెలుస్తుంది. రోగితో మాట్లాడే ధైర్యం వస్తుంది. నర్సింగ్, ల్యాబ్ టెక్నాలజీ, ఫిజియోథెరపీ పనులూ దగ్గర నుంచి చూడొచ్చు.

ఇంటర్ మొదటి ఏడాది సెలవులు, నీట్ ముగిశాక కౌన్సెలింగ్ దాకా ఉండే ఖాళీ ఇందుకు అనువైన సమయం. నీట్ ముందు నెలలు చదువుకే.

ఎక్కడ అడగాలి?

బస్తీ దవాఖానాలు: హైదరాబాద్‌లో 2018లో మొదలయ్యాయి. డాక్టర్, నర్సు, సహాయకుడు ఉంటారు. పరీక్షలు, మందులు ఉచితం. సినిమా షూటింగుల్లో రోజుకూలీకి పనిచేసేవాళ్లు, జూబ్లీహిల్స్ ఇళ్లలో పాచిపని చేసే అమ్మలు ఉండే బస్తీల్లో మొదటి వైద్యం దొరికేది ఇక్కడే. మెడికల్ ఆఫీసర్‌తో మాట్లాడి, జిల్లా వైద్యారోగ్య అధికారికి దరఖాస్తు పెట్టండి. చీటీలు రాయడం, ఎత్తు, బరువు నమోదు, షుగర్ మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో మళ్లీ విడమరిచి చెప్పడం మీరు చేయగల పనులు.

పెద్దాస్పత్రులు: మధురానగర్ నుంచి మెట్రోలో తర్వాతి స్టేషన్ అమీర్‌పేట. అక్కడ రెడ్ లైన్ ఎక్కితే ఒకవైపు పంజాగుట్టలో నిమ్స్, మరోవైపు ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఏ కౌంటర్‌కు వెళ్లాలో, ఆరోగ్యశ్రీకి ఏ కాగితాలు కావాలో చెప్పేవాళ్లు అవసరం. ఛాతీ ఆస్పత్రిలో క్షయ రోగులుంటారు; మాస్కు, వైద్యుల సలహా లేకుండా వార్డులోకి వెళ్లొద్దు.

దీర్ఘకాలిక సేవ: రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, చివరి దశ రోగులను చూసుకునే స్పర్శ్ హాస్పిస్, 1998లో ఏర్పడిన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీలను అడగొచ్చు. రక్తదాన శిబిరాల్లో పనిచేయడం కూడా మంచి ఆరంభం.

ఏ పనికి ఒప్పుకోవాలి?

ఇంజెక్షన్లు, కుట్లు, సెలైన్ మీ పని కాదు. ఎవరు చెప్పినా చేయొద్దు. అర్హత లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద జైలు శిక్ష పడొచ్చు. రోగి ఫొటోలు, వివరాలు బయటపెట్టొద్దు. హెపటైటిస్-బి టీకా ముందే వేయించుకోండి.

మీరు చేయాల్సిన పనులను చేరేరోజే కాగితం మీద రాయించుకోండి. మిగతా వలంటీర్లను డాక్టర్ పక్కన నిలబెట్టి, మీ చేతికి మాత్రం చీపురు ఇస్తే అది శిక్షణ కాదు, వివక్ష. పారిశుధ్య కార్మికుల పని చిన్నదని కాదు. వార్డులో పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాల్లో ఏది ఎందులో వేయాలో వాళ్ల దగ్గరే నేర్చుకోవచ్చు. కులాన్ని చూసి పని పంచడమే తప్పు.

ఈ జాగ్రత్తకు కారణముంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులపై వివక్షను 2007లో తొరాట్ కమిటీ నమోదు చేసింది. 2019 మేలో ముంబైలో ఆదివాసీ పీజీ వైద్యురాలు పాయల్ తడ్వి ఆత్మహత్య చేసుకున్నాక, కుల వేధింపుల ఆరోపణలపై ముగ్గురు సీనియర్లపై కేసు నమోదైంది. ఎవరైనా కులం పేరుతో అవమానిస్తే తేదీ, సమయం, సాక్షులను రాసిపెట్టుకోండి. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల ఫిర్యాదులకు జాతీయ హెల్ప్‌లైన్ 14566.

దరఖాస్తులో మీ చదువు, రాగల రోజులు, గంటలు, చేయాలనుకున్న పని స్పష్టంగా రాయండి. 18 ఏళ్లు నిండకపోతే అమ్మానాన్నల సంతకం జతచేయండి. మీరు ఏ అధికారిని కలిశారో, ఎన్ని రోజులకు అనుమతి వచ్చిందో నోటుబుక్కులో రాసి, వచ్చే ఏడాది హాస్టల్‌కొచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇవ్వండి. దారి చెప్పే మామయ్య వాళ్లకూ ఉండకపోవచ్చు.