ఎసి నీటిగొట్టము: పుట్టుపూర్వోత్తరములు

తొలకరి జల్లులు పడి గాలిలో తేమ నిండిన దినములలో, చల్లగా నడచుచున్న ఎసి నుండి నీరు గోడ వెంబడి కారి, సున్నము పెచ్చులూడి, మెకానిక్కునకు కబురంపిన వేళకుగాని గృహస్థునకు జ్ఞప్తికి రాని భాగమొకటి ఆ యంత్రమునకు గలదు. అది గోడను దాటి వెలుపలికి దిగు డ్రెయిన్ పైపు. యంత్రచరిత్రను ఆదినుండి పరికించినచో, మనము ఇంతగా ఉపేక్షించు ఈ గొట్టమునుండి జారు నీటిని గాలినుండి వేరుచేయుటకే ఆ యంత్రము జన్మించెనని తెలియును.

1902లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో సాకెట్ అండ్ విల్‌హెల్మ్స్ అను ముద్రణసంస్థకు ఒక చిక్కు వచ్చిపడెను. ఒకే కాగితమును రంగు వెంబడి రంగుగా పలుమార్లు అచ్చువేయు ఆ శాలలో, తేమ హెచ్చినపుడు కాగితము సాగియు, తగ్గినపుడు ముడుచుకొనియు, ఒక రంగుపై వేరొక రంగు కుదురుగా పడక బొమ్మలు చెదరిపోవుచుండెను. కార్నెల్ విశ్వవిద్యాలయమునుండి అంతకు ముందటి యేడే పట్టము పొంది బఫెలో ఫోర్జ్ కంపెనీలో చేరిన విల్లిస్ కారియర్ అను యువ ఇంజనీరు, చన్నీరు ప్రవహించు గొట్టపుచుట్టలమీదుగా గాలిని నడిపించి, అందలి తేమను నూటికి 55 వంతులకడ నిలుపుటకు పథకము రచించెను. ఆ శాలవారు కోరినది తేమపై అదుపు. నేడు మనము ధనము వెచ్చించి కొనుచున్న చల్లదనము దానివెంట వచ్చిన ఫలము.

గాలి చల్లబడినకొలది నీటిఆవిరిని ధరించు శక్తి దానికి సన్నగిల్లును. మంచుబిందువను ఉష్ణోగ్రతకు దిగువన ఆ ఆవిరి నీరై తేలును. చన్నీటి చెంబుచుట్టును చెమ్మ పట్టుట ఇందువలననే. కారియర్ 1911లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘమునకు సమర్పించిన సూత్రములు ఈ లెక్కను శాస్త్రముగా స్థిరపరచినవి. తేమ నిండిన మన కోస్తాతీరమున ఒకటిన్నర టన్నుల ఎసి గంటకు లీటరునకు పైబడి నీటిని విడువగలదు. పొడిగాలి వీచు మే మాసపు హైదరాబాదులో అదే యంత్రము విడుచునది స్వల్పము.

కిటికీ ఎసిల కాలమున ఈ నీటికి పొడవైన గొట్టముతో పనిలేకుండెను. యంత్రపు వెనుకభాగము వీధివైపునకే పొడుచుకొని యుండుటచే నీరు అక్కడనే జారిపోయెడిది. కొన్నింటిలో పంకా అంచునగల వలయము ఆ నీటిని చిమ్మి, కాగుచున్న కండెన్సరుమీద చల్లి, దానిని చల్లబరచెడిది. వృథాజలమునకు ఇంత చక్కని వినియోగమును కల్పించిన ఆ యుక్తి నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. స్ప్లిట్ ఎసి వచ్చి, చల్లబరచు భాగము గదిలో గోడకెక్కిన పిమ్మట, నీటిని బయటికి గొనిపోవు గొట్టము అనివార్యమయ్యెను. ఆ నీటిని నడుపునది సాధారణముగా వాలు ఒక్కటియే.

ఎసిలోని చల్లని గొట్టపుచుట్టపై పుట్టిన నీరు స్వతహాగా నిర్మలమైనదే. కాని ఫిల్టరును తప్పించుకొన్న ధూళి, బట్టల నూగు, వంటింటి నూనెపొగ అందు కలియగా, చీకటియు చెమ్మయు నిత్యమైన ఆ గొట్టమున బాక్టీరియాయు బూజును వర్ధిల్లి జిగురుపాచి యగును. అది దారిని మూసిన పిదప, చుట్ట క్రింద నీటిని పట్టు ట్రే నిండి, నీరు గదిలోనికి పొరలును.

కావున వేసవి ఆరంభమునను, వానలకు ముందును విద్యుత్తు ఆపి గొట్టమును శుభ్రపరచవలెను. బయటి కొననుండి వాక్యూముతో పాచిని లాగించి, ట్రేలో నీరుపోసి, ధారగా వెలికివచ్చుచున్నదో లేదో సర్వీసింగుకు వచ్చినవాని యెదుటనే చూచుకొనవలెను. మరుగుదొడ్డి కడుగు యాసిడ్ పోయుట కూడదు. అది రాగిని, అల్యూమినియపు రేకులను తినివేయును. దానిని బ్లీచింగుతో కలిపినచో విషవాయువు పుట్టును. మీటరునకు ఒక సెంటీమీటరు చొప్పుననైనను వాలు ఉండవలెను. నడుమ గొట్టము వ్రేలాడి నీరు నిలిచినచోట పాచి మరల చేరును. నీటిని బక్కెట్టులో పట్టువారు గొట్టపుకొన ఆ నీటిలో మునుగకుండ అంచునకు పైగా కట్టవలెను. మునిగినచో గాలి అడ్డుపడి, శుభ్రమైన గొట్టముననైనను ప్రవాహము నిలిచిపోవచ్చును.