రెండు నిమిషాల హాల్టు

సంక్రాంతి సెలవులు అయిపోయాయి. పశ్చిమ గోదావరిలోని ఓ స్టేషన్‌లో రాత్రి పది దాటింది. సికింద్రాబాద్ బండి అక్కడ ఆగేది రెండే నిమిషాలు. ఆ తల్లి భుజం మీద నాలుగేళ్ల బాబు నిద్రపోతున్నాడు. వాడి నోటి తడికి జాకెట్టు నానిపోయింది. రెండో చేతిని పట్టుకుని ఏడేళ్ల పాప. పక్కనే సాగనంపడానికొచ్చిన ఆమె నాన్న, సూట్‌కేసు, గుడ్డతో మూతి కట్టిన అరిసెల డబ్బా.

అయిదు నిండలేదు కనుక బాబుకు టికెట్ లేదు, బెర్తూ లేదు. పాపకు బెర్తు కావాలంటే 2016 నుంచి పూర్తి చార్జీ కట్టాల్సిందే, కట్టారు. ఎస్-9లో ఒక లోయరు, ఒక మిడిలు దొరికాయి. రెండడుగుల బెర్తు మీద బాబును గోడవైపు పడుకోబెట్టి, తను అంచున ఒరగాలని ఆమె ముందే అనుకుంది. 2022లో లక్నో మెయిల్‌లో తల్లి బెర్తుకు ఆనించి బేబీ బెర్తు అమర్చి చూశారు. మామూలు స్లీపర్లలో తల్లులకు ఇంకా ఆ అంచే మిగులుతోంది.

బండి వచ్చింది. వాళ్ల ఎదురుగా ఆగింది ఎస్-4.

“ముందుకమ్మా, ముందుకు పద!” అన్నాడు నాన్న.

అయిదు పెట్టెలంటే నూరు మీటర్ల పైమాట. దిగేవాళ్లను, ట్రాలీలను తప్పించుకుంటూ పరుగు. పాప కాలి చెప్పు ఊడింది.

“అమ్మా, చెప్పు!”

“వదిలెయ్, కొత్తది కొంటాను!”

ఎస్-7 దగ్గరికొచ్చేసరికి హారన్ మోగింది. ఆమె పాపను నడుం పట్టి తలుపులోకి ఎక్కించింది. కమ్మీ అందుకోబోయేలోగా బండి కదిలింది. పాప లోపల, తల్లి కింద.

“అమ్మా!”

తలుపు దగ్గరున్న కుర్రాడు పాప భుజాలు గట్టిగా పట్టుకున్నాడు. “మీరు ఎక్కకండి! పాప నా దగ్గరే ఉందండీ! చైన్ లాగండ్రా ఎవరైనా!”

ఆమె ఆగింది. చంకలో బిడ్డతో కదిలే బండికి వేలాడకుండా ఆపిన ఆ మాటే ఇద్దరు పిల్లల్నీ దక్కించిందని నేనంటాను. బండి ఒక్క కుదుపుతో నిలిచింది. ఆమెను, బాబును పైకి లాగారు. సూట్‌కేసు ఎక్కింది, అరిసెల డబ్బా ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయింది. టీటీఈ వచ్చి సంగతి విని, ఎవరినీ ఏమీ అనలేదు. 1989 రైల్వే చట్టం 141వ సెక్షన్ కింద, తగిన కారణం లేకుండా గొలుసు లాగడమే నేరం. తల్లీబిడ్డలు విడిపోవడం కంటే తగిన కారణం ఏముంటుంది?

నిజానికి ఆ పరుగే అక్కర్లేదు. ఎస్-4లో ఎక్కేసి ఉంటే, పెట్టెల మధ్య దారిలో మెల్లగా ఎస్-9కి చేరేవాళ్లు. చిన్న స్టేషన్లలో పిల్లలతో ఉన్నవాళ్లు ఎదురొచ్చిన స్లీపర్ తలుపే ఎక్కాలి. పెద్దలు ఇద్దరుంటే ఒకరు ముందు ఎక్కి పిల్లల్ని అందుకోవాలి, సామాను ఆఖర్న. బిడ్డతో బండి వెళ్లిపోతే వెంట పడొద్దు. వెంటనే స్టేషన్ మాస్టరుకు చెప్పి, 139కి ఫోన్ చేయండి. ముందు స్టేషన్‌కు కబురు అందుతుంది.

లోపల కూర్చున్నవాళ్లకూ ఒక మనవి. పిల్లలతో ఓ తల్లి మీ తలుపు దగ్గరికొస్తే “మీది ఈ పెట్టె కాదు” అనకండి. లేచి వెళ్లి, చెయ్యి అందించి ఎక్కించుకోండి.