మూడోవంతు

బోస్టన్‌కు దక్షిణాన క్విన్సీ అనే ఊళ్లో రెండు పాత చెక్క ఇళ్లు ఒకే పెరట్లో ఉన్నట్టు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ పుట్టాడు. రెండోదాంట్లో ఆయన కొడుకు, ఆరో అధ్యక్షుడు పుట్టాడు. చూడవచ్చేవాళ్లకు అధ్యక్షులు ముఖ్యం. నాకు మాత్రం ఆ ఇళ్లను రెండు చేతుల్లో పెట్టిన పంపకం ముఖ్యం.

1761లో జాన్ ఆడమ్స్ తండ్రి పోయాడు. సేద్యం చేసుకుంటూ, చెప్పులు కుట్టుకుంటూ ముగ్గురు కొడుకులను పెంచిన మనిషి. పెద్దవాడు జాన్‌ను హార్వర్డ్‌లో చదివించాడు. ఆ చదువు ఊరికే రాలేదు, అదీ వాటా కిందే లెక్క. అందుకే పుట్టిన ఇల్లు తమ్ముడు పీటర్‌కు పోయింది. జాన్‌కు పక్కిల్లూ, నలభై ఎకరాల దాకా నేలా దక్కాయి. పదమూడేళ్ల తర్వాత, 1774 ఫిబ్రవరిలో, జాన్ తను పుట్టిన ఆ ఇంటిని తమ్ముడి దగ్గర కొనుక్కున్నాడు. కొట్టంతో పాటు 35 ఎకరాల పొలం, 18 ఎకరాల పచ్చికబయలు, అన్నీ కలిపి 440 పౌండ్లు. నాన్న ఇంటికి తమ్ముడి చేతిలో డబ్బు పెట్టాల్సి వచ్చినా, అందులో తగాదా ఏమీ లేదు.

వీలునామా రాయకుండా పోతే కథ వేరు. మసాచుసెట్స్ వలసవాసులు 1641లోనే చట్టం రాసుకున్నారు: పెద్దకొడుక్కి రెండు వాటాలు. బైబిల్లో ద్వితీయోపదేశకాండం చెప్పింది అదే. మన పాతకాలపు జ్యేష్ఠభాగం తెలిసినవాళ్లకు ఇది వింతగా తోచదు. వింతగా తోచింది ఇంగ్లండుకు. అక్కడ వీలునామా లేకపోతే భూమి మొత్తం పెద్దకొడుకుదే. ఆ మెలికను పట్టుకున్నాడు, ఇలాంటి చట్టమే ఉన్న కనెక్టికట్‌లో జాన్ విన్‌త్రోప్. తండ్రి 1717లో వీలునామా లేకుండా పోతే, చెల్లెలు ఆన్‌కు భూమిలో వాటా ఇవ్వనని లండన్ దాకా వెళ్లాడు. 1728లో రాజుగారి ప్రీవీ కౌన్సిల్ అతని వైపే తీర్పిచ్చి, కనెక్టికట్ వారసత్వ చట్టమే చెల్లదంది. ఒక్క అన్నాచెల్లెళ్ల తగువుతో ఆ వలసలో పంచుకున్న పొలాలన్నిటి మీదా అనుమానం వచ్చి పడింది. 1745లో ఇంకో కేసు పాత పద్ధతిని నిలబెట్టేదాకా ఆ అనుమానం తీరలేదు.

పంపకం చేసే తీరు మాత్రం మన పల్లెల్లో కూర్చునే పెద్దమనుషులను గుర్తుకు తెస్తుంది. కోర్టు నియమించిన ముగ్గురు ఊరివాళ్లు గది గదికీ తిరిగి ఈకల పరుపు, తగరపు పళ్లేలు, ఇనప కుండలు, ఆవులు అన్నిటికీ ధర కట్టి రాసేవారు. మంచి ఈకల పరుపు ఆవు కంటే ఎక్కువ పలికిన ఇళ్లున్నాయి. ఆడపిల్లలకు సాధారణంగా దక్కేవి ఇవే: పరుపులు, పశువులు, కొంత డబ్బు. పొలం దగ్గరికి వచ్చేసరికి, దీన్ని ముక్కలు చేస్తే చెడిపోతుందని పెద్దమనుషులు చెబితే, మొత్తం ఒక కొడుక్కే రాసిచ్చి, మిగతావాళ్ల వాటాల ధర అతని చేత కట్టించేవారు. పొలం దక్కిన అన్నో తమ్ముడో ఏళ్ల తరబడి తోబుట్టువులకు బాకీదారు.

ఇక తల్లి. భర్త భూమిలో మూడోవంతు బతికున్నంతకాలం ఆమెది. అమ్ముకునే హక్కు లేదు, ఆమె పోగానే వారసులకు వెళ్లిపోతుంది. మూడోవంతంటే పొలమే కాదు, ఇల్లు కూడా. తూర్పు వైపు గది, దాని మీది గది, పొయ్యిలో రొట్టె కాల్చుకునే హక్కు, బావి దాకా నడిచే దారి, నేలమాళిగలో ఒక మూల. వీలునామా రాసిన తండ్రులైతే ఇంకా వివరంగా రాశారు. ఏడాదికి ఇన్ని కొలతల మొక్కజొన్న, ఒక ఆవు మేత, చర్చికి వెళ్లడానికి గుర్రం, పొయ్యికి సరిపడా నరికి గుమ్మం దగ్గర పేర్చిన కట్టెలు. కన్నకొడుకు అమ్మకు కట్టెలు కొట్టిపెడతాడన్న నమ్మకం ఉన్నవాడు ఇదంతా కాగితం మీద పెట్టడు కదా!

దక్షిణాదిన వర్జీనియాలో పెద్దకొడుకే సర్వం. అక్కడ ఆ పద్ధతిని తీసేయాలని జెఫర్సన్ పట్టుబట్టాడు. కనీసం రెండు వాటాలైనా పెద్దకొడుక్కి ఉంచుదామని సాటి చట్టకర్త పెండిల్టన్ అడిగితే, పెద్దవాడు రెండింతలు తింటాడా, రెండింతలు పని చేస్తాడా, అలాగైతే ఇద్దాం అన్నాడట. 1785లో చట్టం మారింది. కానీ వితంతువు మూడోవంతు అలాగే ఉంది, వర్జీనియాలో దాని అర్థం వేరు.

1757లో డేనియల్ పార్క్ కస్టిస్ అనే భూస్వామి వీలునామా లేకుండా చనిపోయాడు. అతని భార్య మార్తాకు వచ్చిన మూడోవంతులో బానిసలూ ఉన్నారు, 84 మంది దాకా. తర్వాత ఆమె జార్జి వాషింగ్టన్‌ను పెళ్లాడింది. ఆ మనుషుల మీద అజమాయిషీ ఆయనదే అయినా, విడిచిపెట్టే హక్కు భార్యాభర్తలిద్దరికీ లేదు. బిడ్డలు తల్లి లెక్కలోకే వస్తారు గనక 1799 నాటికి వాళ్లు 153 మంది అయ్యారు. వాషింగ్టన్ తన వీలునామాతో తన సొంత బానిసలను విడిపించాడు. 1802లో మార్తా పోయాక, ఆ మూడోవంతు మనుషులను కస్టిస్ మనవడూ ముగ్గురు మనవరాళ్లూ పంచుకున్నారు.

1799 వేసవిలో వాషింగ్టన్ తయారుచేసిన జాబితా ఇప్పటికీ ఉంది. ఒక వరుస తనవాళ్లది, పక్క వరుస మూడోవంతుది. వడ్రంగి ఐజాక్ పేరు మొదటి వరుసలో ఉంది. పాలు పితికే భార్య కిట్టీ, ఆమె కన్న ఆడపిల్లలు రెండో వరుసలో.