కొండకు కాలిబాట

చెన్నపురిలోని తెలుగు గృహములలో “కొండకు పోయి వచ్చితిమి” అన్నచో ఏ కొండకని అడుగువారుండరు. నేడది కొన్ని గంటల ప్రయాణము. కాని తిరుమల నెక్కు దారి ఎల్లకాలము ఒక్కటిగా లేదు. కాలముతోపాటు అదియు మారుచు వచ్చినది.

విజయనగర ప్రభువుల నాడు చంద్రగిరి వైపునుండి వచ్చువారు శ్రీనివాస మంగాపురము దాటి శ్రీవారి మెట్టున ఎక్కెడివారు. 1513 నుండి 1521 వరకు ఏడు పర్యాయములు స్వామిని సేవించిన శ్రీకృష్ణదేవరాయలు ఈ దారినే నడచెనని ప్రతీతి. ఆ చంద్రగిరితో మన పట్టణమునకును చుట్టరికము కలదు. 1639లో ఆంగ్లేయ వర్తకులకు ఈ సముద్రతీరమును ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు చంద్రగిరి రాయలకు లోబడినవాడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్టణము వెలసెనని పలువురి మతము.

తిరుపతి పట్టణము వైపునుండి పోవువారిది అలిపిరి బాట. మెట్లు సుమారు 3550. నడువలేనివారిని డోలీలలో మోసెడివారు. 1933లో దేవస్థానము పాలకమండలి చేతికి వచ్చినది; 1944లో మొదటి ఘాటు రోడ్డు తెరువబడినది; 1974లో రెండవది ఏర్పడినది. అంతటితో ఎక్కుట నడక కాక కూర్చుండుట అయినది. పూర్వపు కాలిబాట కొన్ని తావుల రోడ్డు వెంట సాగవలసి వచ్చినది.

దారికి అడ్డముగా మరియొక గీతయు పడినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినది. మద్రాసు మనకు రాలేదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరినది. తిరుపతి ఆంధ్రముననే నిలిచినది. ఆ విధముగా ఒకే రాజధానిలోని వారమైన మనము కొండకు పోవలెనన్న సరిహద్దు దాటువారమైతిమి. అయినను నడక ఆగలేదు. ఏటేట పురటాసి మాసమున షావుకారుపేట చెన్నకేశవ పెరుమాళ్ కోవెలనుండి గొడుగులు బయలుదేరి, తిరువళ్ళూరు మీదుగా సాగి గరుడసేవకు కొండ చేరుచున్నవి. వాని వెంట నడచువారిలో తమిళులును తెలుగువారును కలరు.

ప్రకృతియు దారిని మార్చును. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దెబ్బతిని మూతపడగా, 2022 మే వరకు నడకవారందరికి అలిపిరియే దిక్కయినది. 2023 ఆగస్టులో అలిపిరి బాటపై చిరుతపులి ఒక పసిబిడ్డను బలిగొన్నది. మధ్యాహ్నము రెండు గంటల తరువాత పదునైదేండ్ల లోపు పిల్లలను పంపరాదని దేవస్థానము అప్పుడు కట్టడి చేసినది.

అందుచేతనే మేము మనుమరాలితో తెల్లవారకముందే అలిపిరి చేరితిమి. గాలిగోపురము వరకు నిట్టనిలువు మెట్లు; పిదప కొంత సమతలము, జింకల వనము, రోడ్డు అంచు, నరసింహస్వామి కోవెల; చివర మోకాళ్ళ మెట్టు. రామానుజులు పాదములు మోపక మోకాళ్ళతో ఎక్కిరను ఐతిహ్యము ఆ పేరునకు కారణము. బిడ్డ మెట్లను “ఒకటి, రెండు” అని తెలుగుననే లెక్కించుచు వచ్చినది. కాని త్రోవలో ఒక పలక కడ నిలిచి, దానిపై నున్న తమిళమును తడుముకొనక చదివి, ప్రక్కనున్న తెలుగును చూచి, “తాతయ్యా, ఇదేమి?” అని అడిగినది.

ఆ ప్రశ్న మోకాళ్ళ మెట్టుకంటె నన్ను అలయించినది. తప్పు బిడ్డది కాదు. పలుకుట నేర్పి చదువుట నేర్పని పెద్దలది. తమిళము ఆమెకు వచ్చుట మేలే. ఈ గడ్డ మనకు అన్నము పెట్టినది. కాని రోడ్లు రెండు పడినను నడచువారుండుటచేత కాలిబాట నిలిచినది. ఎవరును నడువనిచో ఎంతటి రాతిమెట్లనైనను పొదలు కప్పివేయును. చదువువారు లేని లిపికిని అదియే గతి.

ఇంటికి వచ్చిన మరునాడు పలక, బలపము తెచ్చితిని. ప్రతి సాయంకాలము రెండక్షరములు. వచ్చే యేడు అదే పలక కడ నిలిచి ఆమె చదువగా వినవలెనని నా కోరిక.