కుట్టుమిషను మీద పుట్టిన రెక్కలు

విమానం అనగానే మనకు పెద్ద పెద్ద కార్ఖానాలు కళ్ళముందు మెదులుతాయి. కానీ మొదటి రెక్కల వెనుక ఒక కుట్టుమిషను ఉందంటే నమ్ముతారా?

అమెరికాలో సైకిళ్ళ షాపు నడుపుకునే అన్నదమ్ములు విల్బర్, ఆర్విల్ రైట్. వాళ్ళకు పనిముట్లతో చనువు తల్లి సుసాన్ నుంచి వచ్చింది. పిల్లల ఆటవస్తువులు ఆవిడే చేసిచ్చేది. పాపం, కొడుకుల ఘనత చూడకుండానే 1889లో కన్నుమూసింది.

1900లో విల్బర్ కిట్టీహాక్ అనే సముద్రతీర గ్రామానికి వెళ్ళి, ఇంజను లేని గ్లైడరు బిగించాడు. రెక్కల బట్ట సరిచేయడానికి మిసెస్ టేట్ అనే ఇల్లాలు తన కుట్టుమిషను ఇచ్చింది. ప్రయోగాలయ్యాక వాళ్ళు వదిలేసి వెళ్ళిన ఆ బట్టతో తన ఆడపిల్లలిద్దరికీ గౌన్లు కుట్టుకుంది!

1903 డిసెంబరు 17న, ఆ ఊరి దగ్గరి ఇసుకనేల మీదే, ఇంజనున్న విమానం మనిషితో లేచింది. మొదట 12 సెకన్లు, 120 అడుగులు. నాలుగోసారి 59 సెకన్లు, 852 అడుగులు. ఆ తర్వాత నేలమీద నిలిపి ఉండగా పెనుగాలి దాన్ని దొర్లించి విరగ్గొట్టింది. మళ్ళీ ఎగరనే లేదు. ఒక్కరోజు ఆయుష్షు!

అయితేనేం? దాని రెక్కలూ నూలుబట్టవే. 1969లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ బట్టముక్కను చంద్రుడి దాకా తీసుకెళ్ళాడు.

ఒక రెక్క గౌనయింది, మరో రెక్క చంద్రుణ్ణి చేరింది. అది తెలిసినప్పట్నుంచీ మిషను కింద పడ్డ గుడ్డముక్కల్ని ఊడ్చి పారేయడానికి నాకు మనసొప్పడం లేదు సుమండీ!